నా స్విఫ్ట్‌కి క్లాస్ వెతుకుతూ పోయి ఎస్టీమ్ దగ్గర ఆగాను

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో ట్రాక్ డేకి, అంటే మన సొంత కారు ట్రాక్ మీద తిప్పుకునే రోజుకి పోయినప్పుడు, ప్యాడాక్‌లో (కార్లు నిలిపి పని చేసుకునే చోటు) ఒక పెద్దాయన నా స్విఫ్ట్ బానెట్‌లోకి తొంగి చూసి "ఏ క్లాస్‌కి బిల్డ్ చేశావు తంబీ?" అన్నాడు, అంటే ఏ రేస్ విభాగం రూల్స్‌కి కట్టావు అని. నేను ఇంటేక్, ఎగ్జాస్ట్, రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగ్ మార్చడం), కారుని కిందికి దించే లోయరింగ్ స్ప్రింగ్స్, 17 అంగుళాల అల్లాయ్స్ అని వరసగా అన్నీ చెప్పేశాను. ఆయన ఓపిగ్గా విని, అవన్నీ సరే, ఏ క్లాస్‌కి అని మళ్లీ అదే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. నెల్లూరు తిరిగొచ్చేదాకా, తడ దాటాక టీకి ఆగినప్పుడు కూడా, బుర్రలో అదే తిరిగింది. అప్పట్నుంచి రూల్‌బుక్‌లు చదవడం, రేస్ వీకెండ్‌లకి పోయి మెకానిక్‌లతో మాట్లాడటం, ఇదే పని. తక్కువ ఖర్చుతో రేసింగ్ మొదలుపెట్టాలనుకునేవాళ్లకి పనికొస్తుందని నాకు తెలిసింది రాస్తున్నా.

ముందు ట్రాక్ సంగతి. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ జరిగింది కదా, హైదరాబాద్‌లో సర్క్యూట్ ఉందనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, కానీ అది రేస్ కోసం మామూలు రోడ్లు మూసి కట్టిన ట్రాక్. మన కార్లు తిప్పడానికి దగ్గర్లో ఉన్నది ఇరుంగాట్టుకోట్టైనే, 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు. ఆ తర్వాత కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే, అది చిన్నది, 2 కిలోమీటర్ల పైచిలుకు. గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ అద్భుతమే, 5 కిలోమీటర్ల పైన ఉంటుంది, కానీ అక్కడిదాకా కారు ట్రక్కులో పంపే ఖర్చుకి ఇక్కడ ఒక రేస్ వీకెండ్ గడిచిపోతుంది. నెల్లూరు, తిరుపతి వాళ్లం ఈ విషయంలో అదృష్టవంతులం, పొద్దున మూడింటికి బయల్దేరితే తెల్లారేసరికి ప్యాడాక్‌లో ఉంటాం.

ఇప్పుడు అసలు విషయం. రేస్ రూల్‌బుక్‌లో "ఇది చేయకూడదని ఎక్కడా రాయలేదు కదా" అనే వాదన పనికిరాదు, చేయొచ్చని రాసి ఉంటేనే చేయొచ్చు. అందుకే మనం ముచ్చటపడి చేయించిన ఒక్కో మోడిఫికేషన్ కారుని ఇంకో మెట్టు పైకి, అంటే ఇంకా డబ్బున్నవాళ్లు తిరిగే క్లాస్‌లోకి తోసేస్తుంది. నా స్విఫ్ట్ 1197 సీసీ, టర్బో లేని ఇంజిన్, రీమ్యాప్‌తో దానికి పెరిగే పవర్ చాలా కొంచెం. పెద్ద అల్లాయ్స్ బరువు పెంచాయి, లోయరింగ్ స్ప్రింగ్స్ వల్ల సస్పెన్షన్ ట్రావెల్ తగ్గి కెర్బ్, అంటే మలుపు అంచున ఉండే గట్టు, ఎక్కితే చాలు కారు గెంతేది. అంటే కారు స్పీడ్ పెద్దగా పెరగలేదు గానీ స్టాక్‌కి, అంటే కంపెనీ ఇచ్చినట్టే ఉన్న కారుకి, దగ్గరగా ఉండే క్లాసులు మాత్రం నా చేతిలోంచి పోయాయి. ఇది ముందే తెలిసుంటే ఆ డబ్బంతా టైర్లకీ ట్రాక్ టైమ్‌కీ పెట్టేవాణ్ణి.

మోడిఫికేషన్లు అలాగే ఉంచుకుని పోవాలంటే ఇండియన్ టూరింగ్ కార్స్, అంటే ఐటీసీ వైపు చూడాలి. అక్కడ పోలోలు, 2000 ప్రాంతం నాటి హోండా సిటీ వీటెక్‌లు ఉంటాయి, ఇంజిన్ నుంచి గేర్‌బాక్స్ దాకా ఏళ్ల తరబడి టీమ్‌లు పనిచేసిన కార్లవి. వాటి వెనక నా స్విఫ్ట్ రెండో ల్యాప్‌కే ఒంటరైపోతుంది. పక్కన ఇంకో కారు లేకుండా తిరగడానికైతే ట్రాక్ డే చాలు కదా, రేస్ ఎందుకు?

ఐజేటీసీ, అంటే జూనియర్ టూరింగ్ కార్స్, నా మనసు లాగింది. గ్రిడ్ (రేస్ మొదలయ్యే చోట కార్ల వరస) నిండా మారుతి ఎస్టీమ్‌లే. 1994లో వచ్చిన కారు, 1298 సీసీ, బరువు తక్కువ, ప్రతి ఊళ్లో దాని ఇంజిన్ విప్పి బిగించగలిగిన మెకానిక్ ఒకడుంటాడు, పార్టులు స్క్రాప్‌లో కూడా దొరుకుతాయి. అన్నిటికంటే ముఖ్యం, మధ్యలో ఎనిమిదో స్థానం కోసం కూడా నలుగురు కొట్టుకుంటూ ఉంటారు. కొత్తవాడికి రేస్ క్రాఫ్ట్, అంటే పక్క కార్లతో పోటీపడే నేర్పు, వచ్చేది అక్కడే. క్లాస్ ఎంచుకునేటప్పుడు పవర్ కంటే ముందు గ్రిడ్‌లో ఎన్ని కార్లున్నాయో చూడమని నేను గట్టిగా చెప్తా.

ఫార్ములా ఎల్‌జీబీ 1300, అంటే ఒక్క సీటుతో, చక్రాలు బయటికి ఉండే రేస్ కార్ల క్లాస్, అది కూడా మంచిదే, అందులో ఉండేది కూడా ఎస్టీమ్ ఇంజినే. టీమ్ దగ్గర సీటు అద్దెకి తీసుకుంటే కారు కట్టే తలనొప్పి ఉండదు, కాకపోతే గుద్దితే డ్యామేజ్ మనమే కట్టుకోవాలి, ఆ లెక్క ముందే కాగితం మీద రాయించుకోండి. నాకు నా చేతుల్తో కారు కట్టడం ఇష్టం కాబట్టి అటు పోలేదు.

ఎవరూ ముందు చెప్పని ఖర్చులు కొన్ని ఉన్నాయి. రోల్ కేజ్ (బోల్తా పడితే డ్రైవర్‌ని కాపాడే ఇనుప పైపుల చట్రం) వేసి సీట్లు పీకేశాక ఆ కారుని రోడ్డు మీద నడపలేం. కంపెనీ ఒరిజినల్ స్పెసిఫికేషన్‌కి తేడాగా బండి మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అంటే ప్రతిసారీ ఫ్లాట్‌బెడ్ ఖర్చు ఉంటుంది. మామూలు ఇన్సూరెన్స్ రేసింగ్‌కి వర్తించదు, ట్రాక్ మీద ఏం జరిగినా మన జేబే. హెల్మెట్, సూట్, హాన్స్ (మెడకి దెబ్బ తగలకుండా హెల్మెట్‌కి తగిలించే పరికరం), ఎఫ్ఎంఎస్‌సీఐ (దేశంలో మోటార్ రేసింగ్‌ని చూసుకునే సంస్థ) లైసెన్స్, దానికి ట్రైనింగ్, మెడికల్, ఇవన్నీ కారు కొనకముందే పక్కన పెట్టాల్సిన డబ్బు. ఇక బ్రేకులు. ఆ ట్రాక్ డేలో ఐదో ల్యాప్‌కి నా పెడల్ మెత్తబడి ఫ్లోర్‌కి అంటుకుంది, మెయిన్ స్ట్రెయిట్ చివర గుండె ఆగినంత పనైంది. పాత బ్రేక్ ఫ్లూయిడ్ తేమ పీల్చుకుని మరిగిపోయింది. డాట్ 3 రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరక్కుండా ఆగాలి, డాట్ 4 అయితే 230, కానీ తేమ పడితే ఆ నంబర్లు దారుణంగా పడిపోతాయి. ట్రాక్‌కి పోయే ముందు కొత్త ఫ్లూయిడ్, మంచి ప్యాడ్స్ వేయించకుండా దయచేసి ఎవరూ పోవద్దు, ఎగ్జాస్ట్ తర్వాతైనా మార్చుకోవచ్చు.

లెక్కలన్నీ వేసుకుని స్విఫ్ట్‌ని మళ్లీ స్టాక్‌కి మార్పించేశా, ఇంట్లోకి వాడుకుంటున్నాం, అమ్మ మోకాళ్లకి లోయరింగ్ లేకపోతేనే హాయిగా ఉందంట. గూడూరులో ఒక ఎస్టీమ్ ఉందని తెలిసింది, ఇంజిన్ సీజ్ అయిపోయింది గానీ అది ఎలాగూ విప్పేదే. మా మెకానిక్ అన్న ఇంజిన్ గురించి అసలు అడగనే లేదు, స్ట్రట్ టవర్ల (సస్పెన్షన్ పై భాగం బాడీకి బిగించే చోట్లు) దగ్గర, డోర్ల కింద తుప్పుందేమో స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడు, కేజ్ వెల్డింగ్ పట్టుకోవాల్సింది అక్కడే అన్నాడు. ఆదివారం పొద్దున్నే పోతున్నా, షెల్, అంటే బాడీ, గట్టిగా ఉంటే అడ్వాన్స్ ఇచ్చేసి వస్తా.