మిరపకాయ దగ్గర పరువు పోగొట్టుకున్న నా నవల

నిన్న సాయంత్రం ప్రెస్ నుంచి మూడు వందల కాపీలు ఆటోలో ఇంటికొచ్చాయి. కోపం చల్లారకముందే రాసేస్తున్నా. నాది కాకతీయుల కాలంలో నడిచే ఫాంటసీ నవల. ఓరుగల్లు కోట కింద మాట్లాడే నాగం ఉంటుంది, రామప్ప గుడి శిఖరానికి నీళ్లలో తేలే ఇటుకలు చేసే విద్య దానికే తెలుసు.

డీటీపీ, అంటే టైపు చేసి పేజీలు పెట్టే పని, వారంలో అయిపోయింది. పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు ఐఎస్‌బీఎన్‌కి ఆన్‌లైన్‌లో మనమే అప్లై చేసుకోవచ్చు, ఫీజు లేదు. ఎవరైనా వెయ్యి ఇస్తే ఇప్పిస్తా అంటే లేచి వచ్చేయండి.

నన్ను ఏడిపించింది ముందుమాట. హనుమకొండలో చరిత్ర తెలిసిన ఒక పెద్దాయనకి ప్రింటవుట్ ఇస్తే ఇరవై రోజులు తిప్పించుకుని, ఒక ఆదివారం ఇంట్లో నలుగురు చాయ్ తాగుతున్నప్పుడు రమ్మన్నారు.

"మీ హీరోయిన్ కాపలావాళ్ల కండ్లల్ల కారం కొట్టి కోట దాటింది గదా, ఆ మిరపకాయలు ఏడ కొన్నది బిడ్డా? ఎనుమాముల మార్కెట్లనా?"

అందరూ పగలబడి నవ్వారు. నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పారు, మిరప అమెరికా నుంచి పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చిన పంట. వాస్కో డ గామా కాలికట్ చేరింది 1498లో, ప్రతాపరుద్రుడి చేతిలోంచి ఓరుగల్లు పోయింది 1323లో. "ఫాంటసీ కదా సార్" అని గొణిగాను. "పాము మాట్లాడితే అది నీ కల్పన. మిరపకాయ నీకు తెల్వనితనం" అన్నారు.

తప్పు నాదే. ఆ మాట ఫోన్లో చెప్పొచ్చు కదా? గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాక్కునే పద్ధతిని గణపతిదేవుడు మాన్పిస్తూ 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం మీద ఒక అధ్యాయమే రాశాను, దాని గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఇంటికొచ్చి చూస్తే టమాటా, బొప్పాయి, మొక్కజొన్న కూడా దొరికాయి. మీరూ రాస్తుంటే రాజుల పేర్ల కంటే ముందు వంటింట్లో వెతుక్కోండి. కారం తీసి మిరియాల పొడి పెట్టా, అంత ఖరీదైనది గుప్పిట్లకొద్దీ ఎవరు చల్లుతారని మళ్లీ సున్నంగా మార్చా. ముందుమాట లేకుండానే అచ్చుకిచ్చా.

అట్ట మాత్రం అంతకుముందే అచ్చయిపోయింది. దాని మీద ఆ అమ్మాయి గుప్పిట్లోంచి ఎర్రటి పొడే రాలుతోంది. అడిగినవాళ్లకి కుంకుమ అని చెబుతున్నా.