హొసకోటెలో నాన్న ఇల్లు అమ్మేసరికి

మొన్ననే రిజిస్ట్రేషన్ అయిపోయింది. డబ్బు మా ముగ్గురి ఖాతాల్లోనూ పడింది. ఇక నేనేం రాసినా ఎవరూ అలిగి సంతకం ఆపలేరు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. బెంగళూరు చుట్టూ ఉన్న చిన్న ఊళ్ళలో అమ్మానాన్నల ఇళ్ళు పెట్టుకుని, అమ్మాలా వద్దా అని ఊగిసలాడే తెలుగువాళ్ళు నాకు తెలిసే బోలెడుమంది ఉన్నారు.

నాన్నది మదనపల్లె దగ్గర పల్లె. ఉద్యోగం కె.ఆర్.పురం వైపు ఫ్యాక్టరీలో. తొంభైల్లో బెంగళూరు పక్కనున్న హొసకోటెలో 30×40 సైటు కొని ఇల్లు కట్టారు. రిటైరయ్యాక అమ్మనీ అవ్వనీ తీసుకుని సొంతూరు వెళ్ళారు, అక్కడే పోయారు. వీలునామా లేదు. నేనుండేది రామమూర్తినగర్‌లో, తమ్ముడు పుణెలో. అద్దెకుండేవాళ్ళు మారినప్పుడల్లా రిపేర్లు చేయించలేక అమ్మేద్దామనుకున్నాం.

హొసకోటె ఊరు చిన్నదే, ధరలు మాత్రం వైట్‌ఫీల్డ్ వైపు చూస్తుంటాయి. చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే అక్కడే మొదలవుతుంది. శాటిలైట్ టౌన్ రింగ్ రోడ్డు అటుగానే పోతుంది. కోలారు దారిలోని నరసాపుర ఫ్యాక్టరీల్లో పనిచేసే పిల్లలకు అద్దె ఇళ్ళు కావాలి. 2023లో మెట్రో వైట్‌ఫీల్డ్ దాకా వచ్చింది కదా, అప్పట్నుంచి ప్రతి బ్రోకరూ "ఇంక మనకే మేడమ్" అంటున్నాడు. అమ్మేవాడు ఆ రాని మెట్రోకి కూడా ఇవాళే డబ్బు అడుగుతాడు. కొనేవాడు ఇవాళ్టి ట్యాంకర్ నీళ్ళ ఖర్చు చూపించి తగ్గించమంటాడు. మధ్యలో బ్రోకర్ ఇద్దరి దగ్గరా రెండు పర్సెంట్ తీసుకుంటాడు. మా బ్రోకర్ చేసిన పనల్లా తాళం తీసి తలుపు చూపించడం. కాగితాలేవో ఇబ్బంది పెట్టినప్పుడు మాత్రం ఫోన్ ఎత్తడు.

ఇంకో సంగతి. అక్కడ ఒకే వీధిలో, ఒకే కొలత ఇంటికి రెండు ధరలు నడుస్తున్నాయి. కాగితాలు శుభ్రంగా ఉన్న ఇంటిని ఉద్యోగస్తులు బ్యాంకు లోనుతో కొంటారు. లేనిదాన్ని చేతిలో డబ్బున్నవాళ్ళు లక్షల్లో కోసి కొంటారు. మా వీధిలోనే 'ఫర్ సేల్' బోర్డు ఎండకు వెలిసిపోయిన ఇళ్ళున్నాయి. ఆరా తీస్తే, ఏ ఇంటి కాగితం చూసినా పోయినవాళ్ళ పేరే.

ఖాతా మార్పిడి, అంటే నగరసభ పన్ను పుస్తకంలో పేరు మార్చడం గురించి అందరూ భయపెట్టారు కానీ మాకు సులువుగానే అయింది. నాన్న పన్ను రసీదులన్నీ ఏడాదివారీగా పిన్ను కొట్టి పెట్టారు. నా కన్నడం విని నగరసభ కౌంటర్‌లో ఆయన "మండ్య కడెయవరా?" (మండ్య వైపువాళ్ళా?) అని అడిగాడు, గొప్పగా చెప్పుకుంటున్నాననుకోకండి. తహసీల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, డెత్ సర్టిఫికెట్ పెడితే అమ్మ, నేను, తమ్ముడు ముగ్గురి పేర్లతో ఈ-ఖాతా వచ్చేసింది. ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ, 2004 తర్వాతిది రిజిస్ట్రేషన్ శాఖ వాళ్ళ కావేరి పోర్టల్లో దొరుకుతుంది, అంతకుముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేతిరాత పుస్తకాలు వెతికించి తెచ్చుకోవాలి. అదీ అయింది.

మొదట ఒకాయన వచ్చి 60 లక్షలు, మొత్తం రెడీ, కాగితాల సంగతి నేను చూసుకుంటానన్నాడు. సగం డబ్బు లెక్కలో చూపించనని కూడా చెప్పాడు. పంపించేశాం. (అడ్వాన్సు పేరుతో 20,000 రూపాయలు గానీ ఆ పైన గానీ నగదుగా తీసుకుంటే, తీసుకున్నంతా పెనాల్టీ కట్టాల్సి రావచ్చు. బ్రోకర్లు ఈ మాట చచ్చినా చెప్పరు.) తర్వాత వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగాలు చేసుకునే కర్నూలు జంట వచ్చింది. 70 లక్షలు, బ్యాంకు లోను. జులైలో అగ్రిమెంట్ రాసుకున్నాం, అడ్వాన్సు చెక్కుగా ఇచ్చారు.

అప్పుడు వాళ్ళ బ్యాంకు ప్యానెల్ లాయర్ నుంచి ఫోన్. "మీ నాన్నగారు పోయేనాటికి వాళ్ళమ్మగారు బతికే ఉన్నారా?"

ఉంది. నాన్న పోయాక రెండేళ్ళకు అవ్వ పోయింది. తహసీల్దారు ఇచ్చిన ఆ సర్టిఫికెట్‌లో అవ్వ పేరు స్పష్టంగానే ఉంది. నగరసభలో ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే ఖాతా అనేది పన్ను కట్టేదానికి, హక్కు తేల్చేదానికి కాదు. లాయరమ్మ ఓపిగ్గా వివరించారు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా మగమనిషి పోతే, సొంత ఆస్తి భార్యకు, పిల్లలకు, తల్లికి సమానంగా వెళ్తుంది. తండ్రి ఆ మొదటి వరుసలో లేడు, తల్లి ఉంది. అంటే నాలుగో వంతు అవ్వది. అవ్వ పోయాక ఆ నాలుగో వంతు ఆమె పిల్లలది. చిన్నాన్నకు ఒక పాలు, అత్తకు ఒక పాలు, నాన్న పాలు నాకూ తమ్ముడికీ. లెక్క వేస్తే చిన్నాన్నకు ఇంటిలో పన్నెండో వంతు, అత్తకు పన్నెండో వంతు. వాళ్ళు తమ వాటా వదులుకుంటున్నామని రిలీజ్ డీడ్ రాసి రిజిస్టర్ చేస్తే తప్ప లోను రాదు. సేల్ డీడ్‌లో సాక్షి సంతకం పెట్టిస్తామని డీడ్ రైటర్ అన్నాడు, ఆవిడ ఒప్పుకోలేదు.

చట్టం తప్పని నేననను. చనిపోయిన కొడుకు మీద ఆధారపడిన ముసలితల్లిని వీధిన పడేయకుండా పెట్టిన నిబంధన అది. కానీ ఆ ముసలితల్లికి మంచం మీదే స్నానం చేయించి, వీపు పుండ్లు కడిగింది మా అమ్మ. చిన్నాన్న ఇల్లు అదే ఊళ్ళో రెండు వీధుల అవతల. పండగలకు వచ్చి, గుమ్మంలో నిలబడి "ఎట్లుండావమ్మా" అని అడిగి పోయేవాడు.

ఊరికి వెళ్ళి విషయం చెప్పాను. విన్నాడు. "ఇట్లాంటి మాటలు నీతో ఏం మాట్లాడేది? మీ ఆయన్ని రమ్మను" అన్నాడు. అగ్రిమెంట్ నేను చదివాను, లాయరుతో నేను మాట్లాడాను, పన్నులు నేను కడుతున్నాను. అయినా పక్కవారం మా ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. మా ఆయన పుట్టి పెరిగింది బెంగళూరులో, అవ్వకు వాటా ఉందన్న సంగతే ఆయనకు నేను చెప్పాను. చిన్నాన్న నా వైపు చూడకుండా "నువ్వు చెప్పు అల్లుడా, ఎంత ఇస్తారు?" అంటాడు. ఈయన "నాకేం తెలీదండీ, ఆమెనే అడగండి" అంటాడు. నేను చెప్తాను. చిన్నాన్న మళ్ళీ ఆయన వైపు తిరిగి, నేను చెప్పిందే ఆయన చెప్పినట్టు జవాబిస్తాడు. ఇట్లా మధ్యాహ్నం దాకా సాగింది. చిన్నమ్మ పాపం మూడుసార్లు కాఫీ ఇచ్చింది.

తేలలేదు. పెద్దమనుషుల్ని పిలుస్తానన్నాడు. పిలిచాడు. నలుగురు వచ్చి అరుగు మీద కూర్చున్నారు, అమ్మను ఎదురుగా నిలబెట్టారు. కూర్చోమ్మా అన్నవాడు లేడు. నేనే లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేశాను. ఆ నలుగురిలో ఒక మాజీ సర్పంచ్ గొంతు సవరించుకుని, ఇంటి సంగతి వదిలేసి, "ముసలామె సొమ్ములు ఎవరి దగ్గరుండాయమ్మా?" అని అడిగాడు.

అమ్మ మొహం చూడలేకపోయాను. అవ్వ కమ్మలు ఆసుపత్రి ఖర్చుకి అమ్మేసిన సంగతి చిన్నాన్నకు తెలుసు, ఆ రోజు కొట్టు దాకా తోడు వచ్చింది ఆయనే. నోరు మెదపలేదు. ఆసుపత్రి బిల్లులన్నీ నా ఫోన్లో ఉన్నాయి. తేదీతో, మొత్తంతో ఒక్కొక్కటీ పైకి చదివాను. మందుల షాపు రసీదులు కూడా వదల్లేదు. మధ్యలో మాజీ సర్పంచ్ "అవన్నీ ఇప్పుడెందుకులేమ్మా" అన్నాడు. అడిగింది తమరే కదా అన్నాను. ఆడపిల్లకు ఇంత నోరేమిటని ఇంకొకాయన గొణిగాడు. మొత్తం చదివాకే ఆపాను.

ఒక్క మాట ఇక్కడ చెప్పనివ్వండి. మన ఇళ్ళలో మగవాళ్ళు రేషన్ కార్డు నుంచి బోరు మోటారు వారంటీ దాకా అన్నీ దాస్తారు, వీలునామా అంటే మాత్రం చావు గుర్తొస్తుందంటారు. తెల్లకాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టి, వాళ్ళ చేత పెట్టిస్తే చాలు. స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. నాన్న ఆ ఒక్క కాగితం రాసి ఉంటే అమ్మ ఆ అరుగు ముందు నిలబడేది కాదు.

చిన్నాన్న పది లక్షలు అడిగాడు. 70 లక్షల్లో పన్నెండో వంతు 5 లక్షల 83 వేలు అని కాగితం మీద చూపించాను. ఆరు దగ్గర తెగింది. అత్త అయితే "మా అన్న ఇల్లు, నాకు దుడ్డెందుకే" అని ఫోన్లోనే ఏడ్చేసింది. పక్కనుంచి మామ గొంతు: "దానికేం తెలీదు, వాళ్ళకెంతో మాకూ అంతే." ఇంకో ఆరు. అత్త మీద నాకు కోపం లేదు. ఆ డబ్బు ఆమె చేతికి రాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

రిలీజ్ డీడ్ కోసం అందర్నీ బెంగళూరుకు రప్పించడం, ఉంచడం మా ఖర్చే. హొసకోటెలో తెల్లవారుజామునే దమ్ బిర్యానీ దొరుకుతుందని చిన్నాన్న ఎక్కడో విన్నాడట, చీకటితోనే లేచి కూర్చున్నాడు. తీసుకెళ్ళాను. రెండు ప్లేట్లు తిని, "మీ నాన్న ఒక్కసారీ నన్ను ఇక్కడికి తీసుకురాలేదు" అన్నాడు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మొదట సర్వర్ డౌన్. అది లేచాక ఆయన వేలిముద్ర పడలేదు, సేద్యం చేసి చేసి వేళ్ళు అరిగిపోయాయి. తడిగుడ్డతో తుడిచి, బొటనవేలు మార్చి, ఎట్లాగో పడింది. నా బీపీ ఎంతకు పోయిందో ఎవరూ కొలవలేదు.

ఈ పంచాయితీ నడుస్తుండగానే 2025 ఆగస్టు 31 నుంచి కర్ణాటకలో రిజిస్ట్రేషన్ ఫీజు ఒక శాతం నుంచి రెండు శాతం అయింది. స్టాంపు డ్యూటీ, సెస్సు, సర్‌చార్జి కలిపి అప్పటికే 5.6 శాతం, ఇప్పుడు మొత్తం 7.6. మామూలుగా ఇదంతా కొనేవాళ్ళే కడతారు. ఆలస్యం మీ వల్లే కదా అని ఆ కర్నూలు జంట పెరిగిన 70,000 ధరలో తగ్గించమంది. న్యాయమే, తగ్గించాం. కొనేవాళ్ళకు చెప్తున్నాను, ఆ మాట అగ్రిమెంట్లోనే రాయించుకోండి. అందరూ మాలాంటి వాళ్ళే ఉండరు.

అంటే మాకు మిగిలింది, ఆ మొదటాయన ఇస్తానన్న 60 కంటే తక్కువే. ఆ మనిషి మార్కెట్టు తెలిసినవాడు, ఒప్పుకోవాలి. అయినా ఆయనకు అమ్మనందుకు బాధ లేదు. హక్కులో లోపముంటే నష్టం అమ్మినవాళ్ళే భరించాలని సేల్ డీడ్‌లో మామూలుగా ఒక క్లాజు రాస్తారు. ఆయనకు అమ్మి ఉంటే, చిన్నాన్న కోర్టుకెక్కిన రోజు ఆయన వచ్చి నిలబడేది మా గుమ్మం ముందే.

సేల్ డీడ్ రోజు ఏ గొడవా లేదు. టీడీఎస్, అంటే ధరలోంచి ముందే కోసి కట్టే ఆదాయపు పన్ను దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త. మొత్తం ధర 50 లక్షలు, ఆ పైన అయితే కొనేవాళ్ళు ఒక శాతం మినహాయించి కట్టాలి. ఎవరి వాటా వారిది, విడిగా చూస్తే 50 దాటలేదనే వాదన 2024 అక్టోబరు 1 నుంచి చెల్లదు, మొత్తమే లెక్క. ఇద్దరు కొనేవాళ్ళు, ముగ్గురం అమ్మేవాళ్ళం కాబట్టి 26క్యూబీ అనే టీడీఎస్ ఫారాలు ఆరు పడ్డాయి. ఆ అబ్బాయి సాఫ్ట్‌వేర్ కదా, కూర్చుని నింపేశాడు.

లాభం మీద పన్ను సంగతి ఆడిటర్‌కు అప్పగించాం. నాన్న కొన్న ధర బదులు 2001 ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకోవచ్చట. ఆ మీద ఇండెక్సేషన్‌తో (ధరల పెరుగుదలను కొన్న విలువకు కలిపి) 20 శాతమా, అది లేకుండా 12.5 శాతమా, ఏది తక్కువైతే అది. లేదా రెండేళ్ళలోపు ఇంకో ఇల్లు కొంటే ఆ మేరకు పన్ను తప్పుతుంది. అమ్మకు ఇంకో ఇల్లు కొనడమే నచ్చింది, నాకు దగ్గర్లో చిన్న ఇల్లు చాలంది.

కాబట్టి ఇప్పుడు మేం కొనేవాళ్ళం. ఆదివారం కె.ఆర్.పురం అవతల ఒక ఇల్లు చూశాం. ముందు వేపచెట్టు, ధర కూడా చుట్టుపక్కల వాటికంటే తక్కువ. తండ్రి పోయాడు, కొడుకు అమ్ముతున్నాడు. తండ్రి పోయేనాటికి మీ నాయనమ్మ బతికి ఉందా అని అడిగాను. అతను బ్రోకర్ వైపు చూశాడు, బ్రోకర్ నా వైపు చూశాడు. సోమవారం నుంచి ఇద్దరూ ఫోన్ ఎత్తడం లేదు.