కోచ్‌ల కుర్చీల షీట్: 2025 ఆగస్టు నుంచి 2026 జనవరి దాకా

మ్యాచ్ ఎవరు గెలుస్తారో చెప్పే ఆటలు బోలెడున్నాయి. బెంగళూరులో మా మారతహళ్ళి ఫ్లాట్‌లో నడిచేది వేరు. ఫుట్‌బాల్‌లో ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో ఉన్న 20 జట్లలో ఏ కోచ్ ఉద్యోగం ఊడుతుందో చెప్పాలి. ఊరికే పేరు చెబితే సరిపోదు, వచ్చే నాలుగు వారాల్లో పోయే అవకాశం ఎంత శాతమో ఒక్కొక్కరి ఎదురుగా రాయాలి. ఆడేది నలుగురం: నేను, కర్నూలు నుంచి వచ్చిన నా రూమ్‌మేట్, పై అంతస్తులో ఉండే నెల్లూరు అన్న, వదిన. డబ్బు పందెం లేదు. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం ఆన్‌లైన్ డబ్బు ఆటల్ని ఎలాగూ నిషేధించింది, మాకైతే అంతకుముందు కూడా ఆ సరదా లేదు. సీజన్ చివర అట్టడుగున ఉన్నవాళ్ళు మిగతా ముగ్గురికీ రెసిడెన్సీ రోడ్డు నాగార్జున హోటల్లో భోజనం పెట్టించాలి.

గడువు సోమవారం ఉదయం, ఆఫీసు క్యాబ్ ఎక్కేలోపు. ఆదివారం ఆఖరి మ్యాచ్ అయ్యేసరికి మనకు అర్ధరాత్రి దగ్గర పడుతుంది, అక్కడ క్లబ్బుల ప్రకటనలు ఎక్కువగా ఆ తర్వాతే వస్తాయి. ప్రకటన వచ్చాక అంకె మార్చినవాళ్ళ వారం లెక్కలోంచి తీసేస్తాం.

ఆగస్టు: మొదలు ఎక్కడ పెట్టాలి

ముందు తేల్చుకోవాల్సింది మామూలు రేటు. 2022-23లో సీజన్ మధ్యలోనే డజను మందికి పైగా పోయారు. ఆ మరుసటి సీజన్లో డిసెంబరు 5న షెఫీల్డ్ యునైటెడ్ పాల్ హెకింగ్‌బాటమ్‌ను పంపేదాకా ఒక్కరూ కదల్లేదు. 2024-25లో మధ్యలో పోయినవాళ్ళు ఏడుగురు. సీజన్‌కు సుమారుగా ఎనిమిది అనుకుందాం. 20 జట్లు, 40 వారాలు, అంటే 800 గడులు. ఎనిమిదిని 800తో భాగిస్తే వారానికి 1%, నాలుగు వారాలకు సుమారు 4%. ఒక కోచ్ గురించి నాకేమీ తెలియకపోతే ఎదురుగా రాసే అంకె ఈ 4.

మార్కులు వేయడానికి బ్రయర్ స్కోరు వాడుతున్నాం. వాతావరణ సూచనల్ని కొలవడానికి గ్లెన్ బ్రయర్ 1950లో ఇచ్చిన సూత్రం అది. మీరు 10% రాస్తే, ఆ కోచ్ పోయాడనుకోండి: 1 లోంచి 0.10 తీసేసి వర్గం చేస్తే 0.81. పోకపోతే 0.10 వర్గం, అంటే 0.01. ఎంత తక్కువ వస్తే అంత మంచిది. దీంతో ఒక చిక్కుంది. పోవడం అరుదు కాబట్టి అందరికీ సున్నా రాసి కూర్చున్నా స్కోరు 0.04 దగ్గరే ఉంటుంది, అందరికీ 4 రాసినా 0.038. రూమ్‌మేట్ ఈ కిటుకు రెండో వారమే కనిపెట్టి హాయిగా సున్నాలు నింపేశాడు. అందుకే 1% కంటే తక్కువ రాయకూడదని నియమం పెట్టాం. అందరికీ 4 రాసే ఒక ఉత్తుత్తి ఆటగాడిని కూడా షీట్‌లో చేర్చాం. వాడి పేరు సుబ్బారావు. సుబ్బారావును ఓడించలేనివాళ్ళు నోరెత్తకూడదు.

సెప్టెంబరు: పాయింట్లు కాదు, అంచనాతో తేడా

నా షీట్‌కు వెన్నెముక ఒకే ఒక్క కాలమ్. నెదర్లాండ్స్ లీగ్ మీద యాన్ వాన్ ఔర్స్, మార్టిన్ వాన్ టైల్ అనే ఆర్థికవేత్తలు చేసిన పరిశోధనలోంచి తీసుకున్నాను. పందేల ధరల (రూపాయి కాస్తే, గెలిస్తే ఎన్ని రూపాయలు చేతికొస్తాయో చెప్పే అంకెల) ప్రకారం జట్టుకు రావాల్సిన పాయింట్లు ఎన్ని, నిజంగా వచ్చినవి ఎన్ని, ఆ తేడాను మ్యాచ్ తర్వాత మ్యాచ్ కూడుకుంటూ పోవాలి. ఆ మొత్తం కిందికి జారేకొద్దీ కోచ్‌ను తీసేసే అవకాశం పెరుగుతుందని వాళ్ళు చూపించారు. పట్టికలో 15వ స్థానం ఒక జట్టుకు పండగ, ఇంకో జట్టుకు అవమానం. ఆ సంగతి ఈ కాలమ్‌కు తెలుసు, పట్టికకు తెలియదు.

లెక్క ఇలా చేస్తాను. పాత మ్యాచ్‌ల ఫలితాలు, ధరలు కలిపి ఫుట్‌బాల్ డేటా డాట్ కో డాట్ యూకేలో ఉచితంగా సీఎస్‌వీ ఫైళ్ళుగా దొరుకుతాయి. గెలుపు ధర 2.00, డ్రా 3.50, ఓటమి 4.00 అనుకుందాం. ఒక్కో ధరతో 1ని భాగిస్తే 0.500, 0.286, 0.250. కూడితే 1.036 వస్తుంది. ఆ పైనున్నది పందెం కంపెనీ లాభం, కాబట్టి మూడింటినీ 1.036తో భాగించాలి: 0.483, 0.276, 0.241. గెలుపుకు 3, డ్రాకు 1 చొప్పున లెక్కేస్తే రావాల్సింది 1.72 పాయింట్లు. ఓడిపోతే ఆ మ్యాచ్ తేడా మైనస్ 1.72. గెలిస్తే ప్లస్ 1.28. మొత్తం మైనస్ 5 దాటితే 4%ను 12 చేస్తాను, మైనస్ 8 దాటితే 25. ఈ మెట్లు నేను పాత సీజన్ల మీద సరిచూసి పెట్టుకున్నవి. ఇంకెవరైనా చూస్తే వేరే మెట్లు రావచ్చు.

అదే పరిశోధనలో ఇంకో మాట ఉంది. కోచ్‌ను మార్చాక ఫలితాలు మెరుగైనట్టు కనిపిస్తాయి కానీ, అలాగే దిగజారి కూడా కోచ్‌ను మార్చని జట్లు సైతం ఇంచుమించు అలాగే కోలుకుంటాయట. అది చదివాక తీసేసిన ప్రతి కోచ్ మీదా నాకు కొంచెం జాలి పుడుతోంది.

ఈ కాలమ్‌తో పని ఎలా నడిచిందంటే, వెస్ట్‌హామ్‌లో గ్రాహం పాటర్ అయిదు మ్యాచ్‌ల్లో మూడే పాయింట్లు తెచ్చాడు. షీట్‌లో ఎర్రగా ఉన్నాడు. సెప్టెంబరు 27న పోయాడు. కానీ సెప్టెంబరు 9న నాటింగ్‌హామ్ ఫారెస్ట్ తీసేసిన నూనో ఎస్పిరిటో సాంటో మాత్రం ఈ కాలమ్‌లో పచ్చగా మెరుస్తున్నాడు. అంతకుముందు సీజన్లో జట్టును ఏడో స్థానంలో నిలబెట్టినవాడు, జూన్‌లో కొత్త కాంట్రాక్టు రాయించుకున్నవాడు.

ఆ వారం నలుగురిలో ఎక్కువ అంకె రాసింది వదిన. ఆవిడ మ్యాచ్‌లు చూడదు, ప్రెస్‌మీట్లే చదువుతుంది. ఆగస్టులోనే నూనో విలేకరుల ముందు యజమాని మరినాకిస్‌తో సంబంధం మునుపటిలా లేదన్నాడు. “నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు కదయ్యా, ఈయన ఊరు ఖాళీ చేస్తాడు చూడు” అంది. ఆ రోజు నుంచి షీట్‌లో నోటి కాలమ్ వచ్చింది. పైవాళ్ళ గురించి, అంటే యజమాని, స్పోర్టింగ్ డైరెక్టర్, బదిలీలు చూసేవాళ్ళ గురించి కోచ్ బహిరంగంగా అసంతృప్తి చూపిస్తే 1. రిఫరీలను, ఆటగాళ్ళను తిడితే 0. ఈ గీత వదిన గీసిందే. రిఫరీని తిట్టినందుకు ఉద్యోగం పోదని ఆవిడ వాదన, నాకూ సరైనదే అనిపించింది.

అక్టోబరు, నవంబరు: కొట్టేసిన కాలమ్‌లు

కొత్త కాంట్రాక్టు ఉంటే రక్షణ అని మొదట్లో 2% తగ్గించేవాణ్ణి. వుల్వ్స్ క్లబ్బు విటోర్ పెరేరాకు సెప్టెంబరు 18న మూడేళ్ళ కాంట్రాక్టు ఇచ్చి, పది మ్యాచ్‌ల్లో రెండే పాయింట్లు వచ్చేసరికి నవంబరు 2న తీసేసింది. 2024లో మాంచెస్టర్ యునైటెడ్ కూడా జులైలో కోచ్ టెన్ హాగ్ కాంట్రాక్టు పొడిగించి అక్టోబరు 28న పంపేసింది. ఆ కాలమ్ కొట్టేశాను. రూమ్‌మేట్ మాత్రం “వాళ్ళకి పీఐపీ కూడా ఉండదు మామా, డైరెక్టు మెయిలే” అని నవ్వుతాడు. పీఐపీ అంటే మన ఆఫీసుల్లో తీసేసేముందు పనితీరు మెరుగుపరచుకొమ్మని ఇచ్చే గడువు. నిజానికి అలాంటిదొకటి ఉంది: “కోచ్‌కు మా పూర్తి మద్దతు” అనే క్లబ్బు ప్రకటన. లెస్టర్‌కు టైటిల్ గెలిపించిన రనియేరికి 2017 ఫిబ్రవరి 7న అలాంటి ప్రకటనే వచ్చింది, 23న ఆయన ఉద్యోగం పోయింది. మద్దతు ప్రకటన వస్తే అంకెను రెట్టింపు చేస్తున్నాం. అడగకుండా ఎవరూ మద్దతు ప్రకటించరు కదా.

ఇంకో రెండు కాలమ్‌లు నిలబడ్డాయి. ఒకటి, అంతర్జాతీయ మ్యాచ్‌ల విరామం దగ్గర పడిందా. కొత్తవాడికి రెండు వారాలు దొరుకుతాయని క్లబ్బులు ఆ సందులో నిర్ణయం తీసుకుంటాయి. సెప్టెంబరు 1న జర్మనీ క్లబ్బు లెవర్‌కూసెన్ రెండే లీగ్ మ్యాచ్‌ల తర్వాత టెన్ హాగ్‌ను పంపడం, నూనో సంగతి, రెండూ ఆ సమయంలోనివే. రెండోది, బయట ఖాళీగా ఎవరున్నారు. నూనో ఖాళీ అవ్వగానే నేను అడుగున ఉన్న జట్లన్నిటికీ 3% చొప్పున కలిపాను. పాటర్‌ను తీసేసిన రోజే వెస్ట్‌హామ్ నూనోనే తెచ్చుకుంది.

నూనో స్థానంలో ఫారెస్ట్‌కు వచ్చిన పోస్టెకోగ్లూ ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒక్కటీ గెలవలేదు. అక్టోబరు 18న చెల్సీ చేతిలో 3-0తో ఓడాక, స్టేడియం ఖాళీ అయ్యేలోపే ప్రకటన వచ్చేసింది. మొత్తం 39 రోజుల ఉద్యోగం. ఇక్కడ మా నలుగురికీ ఎవరు అన్నది తెలుసు, అంకెలన్నీ పెద్దవే. ఈ ఆటలో ఎవరు అన్నది సగం పనే, ఎప్పుడు అన్నదే మార్కులు తెస్తుంది. నాలుగు వారాల కిటికీ పెట్టుకున్నది అందుకే. వారం కిటికీ అయితే అంతా అదృష్టం, సీజన్ కిటికీ అయితే పేపర్ చదివేవాళ్ళందరూ పండితులే.

మధ్యలో మన ఊరి సంగతి

ఇదే షీట్‌ను మన ఇండియన్ సూపర్ లీగ్‌కు (ఐఎస్ఎల్) పెడదామనుకుంటే ఆ ఏడాది లీగే మొదలవ్వలేదు. వాణిజ్య హక్కుల ఒప్పందం తేలక సీజన్ ఆగిపోయింది, ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సీ జీతాలే నిలిపేసింది. బెంగళూరు కంఠీరవ స్టేడియంలో శీతాకాలమంతా ఐఎస్ఎల్ మ్యాచ్ లేదు. అందుకని పాత సీజన్లను నింపుతున్నాను. 2023 డిసెంబరులో సొంత మైదానంలో ముంబై సిటీతో 4-0తో ఓడిన వెంటనే బెంగళూరు సైమన్ గ్రేసన్‌ను పంపడం తేడా కాలమ్‌లో చక్కగా కూర్చుంటుంది. 2020 జనవరి చివర్లో గోవా సెర్జియో లొబెరాను తీసేయడం మాత్రం ఏ లెక్కకూ అందదు. ఆ సీజన్ లీగ్ దశలో మొదటి స్థానం గోవాదే. ఆ సీజన్లలో ఐఎస్ఎల్‌లో కింది డివిజన్‌కు పడిపోయే భయం లేదు కాబట్టి, అడుగున ఉండటం ఒక్కటే కోచ్‌కు ముప్పు కాదు.

జనవరి: వదిన ఆధిక్యం

జనవరి 1న చెల్సీ నుంచి మరెస్కా, 5న మాంచెస్టర్ యునైటెడ్ నుంచి అమోరిమ్. ఒకరి జట్టు అయిదో స్థానంలో, ఇంకొకరిది ఆరో స్థానంలో. నా తేడా కాలమ్ ఇద్దరినీ పట్టించుకోలేదు. నోటి కాలమ్‌లో ఇద్దరికీ 1 ఉంది. డిసెంబరులో ఎవర్టన్ మీద గెలిచిన రోజే మరెస్కా, క్లబ్బులో చేరాక ఇంత దారుణమైన 48 గంటలు చూడలేదన్నాడు. అమోరిమ్ లీడ్స్‌తో డ్రా అయ్యాక తాను వచ్చింది మేనేజర్‌గా ఉండటానికి, వట్టి కోచ్‌గా కాదని తేల్చి చెప్పాడు, మరునాడే పోయాడు. 2023 మార్చిలో టాటెన్‌హామ్‌లో కాంటే కూడా సౌతాంప్టన్ మ్యాచ్ తర్వాత అందరినీ దులిపేసి, ఎనిమిది రోజుల్లో బయటికి నడిచాడు. నోరు జారడం వల్ల ఉద్యోగం పోతోందా, పోతుందని తెలిసే నోరు జారుతున్నారా అని అన్న అడిగాడు. అంచనా వేసేవాళ్ళకు రెండూ ఒకటే, కాలమ్‌లో 1 పడుతుంది.

కాబట్టి ఇప్పుడు బరువులు మార్చాను. నోటి కాలమ్ 1 అయితే పట్టికలో ఎక్కడున్నా కనీసం 15%. తేడా కాలమ్ కూడా మైనస్ 5 దాటితే 35. కొత్త కోచ్ వస్తే తేడా సున్నా నుంచి, కానీ అదే యజమాని ఇదివరకే ఆ సీజన్లో ఒకరిని తీసేసి ఉంటే 4 బదులు 7తో మొదలు.

జనవరి ఆఖరుకు వరుస: వదిన, నేను, సుబ్బారావు, అన్న, రూమ్‌మేట్. 2026 ఫిబ్రవరి 14న ఐఎస్ఎల్ మొదలైంది, ఆ సీజన్లో ఒక్కో జట్టుకు 13 మ్యాచ్‌లే. అంత చిన్న లీగ్‌లో కోచ్‌ను మార్చినా కొత్తవాడికి టైమ్ ఉండదు కాబట్టి దానికి మామూలు రేటు 2% పెట్టాను. వదిన 5 పెట్టమంది, కన్నడ పేపర్లలో ప్రెస్‌మీట్లు చదివి పెట్టే పని రూమ్‌మేట్‌కు అప్పజెప్పింది.