సగం పానకం

మొక్కు తీర్చుకుని నాలుగు రోజులైంది. కొంగుకి అంటిన బెల్లం జిడ్డు ఇంకా వదల్లేదు.

లెక్కల్లో పన్నెండు మార్కులు తెచ్చాడని మావాణ్ణి చెంప మీద కొట్టాను. ఆ సాయంత్రం వాడు ఇంటికి రాలేదు. మూడు గంటలు వీధివీధీ వెతికాం. అప్పుడే మొక్కుకున్నా, మంగళగిరి పానకాల నరసింహస్వామికి బిందె పానకం పోయిస్తానని. చివరికి పక్క వీధిలో స్నేహితుడి మేడ మీద, నీళ్ళ ట్యాంకు వెనక దొరికాడు. నన్ను చూసి ఇంకొంచెం లోపలికి జరిగాడు.

హిరణ్యకశిపుణ్ణి చీల్చాక స్వామి ఉగ్రం చూసి లక్ష్మీదేవే దగ్గరికి పోలేదంటారు. ప్రహ్లాదుడు, చిన్నపిల్లాడు, వెళ్ళాడు. ఆ కథ వాడికి నేనే చెప్పాను, అన్నం కలిపి పెడుతూ.

శనివారం కదా, ఒకటే జనం. 1809 నాటికి వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన పదకొండు అంతస్తుల గాలిగోపురాన్ని తలెత్తి చూద్దామన్నా నిలబడనిస్తేగా! కొండ పైన గుళ్ళో మధ్యాహ్నం దాటితే దర్శనం ఉండదు, రాత్రి పూజ దేవతలది. అందుకని అందరికీ తొందరే. లైన్లో వెనకాయన మోచెయ్యి తగిలి నా బిందె ఒలికింది, సగానికి సగం. "కళ్ళు కనపడట్లేదా!" అని అరిచాను. మావాడు నా చెయ్యి వదిలేశాడు.

ముందున్న పెద్దావిడ వెనక్కి తిరిగి, మాట్లాడకుండా తన బిందెలోది నా బిందెలోకి వంపింది.

"అయ్యో, మీ మొక్కు కదండీ పిన్నిగారూ."

"రెండూ పోయేది ఒక్క నోట్లోకే కదమ్మా."

లోపల విగ్రహమంటూ లేదు, తెరిచిన నోరొక్కటే. పూజారి శంఖంతో పోస్తుంటే గుట గుటమని చప్పుడు. ఉన్నట్టుండి ఆగిపోయింది. ఇక పొయ్యరు, మిగిలిన సగం మనకే ప్రసాదం. కృతయుగంలో అమృతం, త్రేతలో నెయ్యి, ద్వాపరంలో పాలు తాగిన స్వామికి మన వంతు వచ్చేసరికి బెల్లం నీళ్ళు. అవీ సగం చాలట! కోరిక నుంచి కోపం పుడుతుందని గీతలో ఎన్నిసార్లు చదివానో. పన్నెండు మార్కులు వాడివి, నూరు కావాలన్న కోరిక నాది.

చూసింది రెండు క్షణాలు. ఈలోపే "జరగండి, జరగండి" అని నెట్టేశారు.

బయట మెట్ల మీద కూర్చుని గ్లాసు వాడికిచ్చాను. ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"మిరియాలు ఘాటుగా ఉన్నాయమ్మా."

"ఉంటాయిరా. మెల్లిగా తాగు."

తాగి, మిగిలింది నా చేతికిచ్చాడు.