చలి ముదరక ముందు ఒక శనివారం

అక్టోబర్ 18, 2025. క్యారీ, నార్త్ కరోలినా.

దీపావళికి ఇంకా రెండు రోజులుంది. ఇల్లు దులపడం నిన్ననే పూర్తయింది కనుక, ఈ రోజు పొద్దున్నే పెరట్లో ఉన్న హీట్ పంప్ పని పెట్టుకున్నాను. మా ఇంట్లో గ్యాస్ ఫర్నేస్ లేదు. ఎండాకాలం చల్లదనం, చలికాలం వెచ్చదనం రెండూ ఈ ఒక్క యంత్రమే ఇవ్వాలి. కిటికీలు తెరుచుకుంటే సరిపోయే ఈ పది రోజులు, మళ్ళీ ఏప్రిల్‌లో మరి కొన్ని రోజులు తప్ప దానికి తీరిక ఉండదు.

కిందటి ఏడాది ఈ పని వాయిదా వేసి చాలా ఇబ్బంది పడ్డాము. చలికాలంలో బయటి కాయిల్, అంటే యంత్రంలోని గ్యాస్ తిరిగే గొట్టాల చుట్ట, తన చుట్టూ ఉన్న గాలికంటే చల్లగా ఉంటుంది కాబట్టి దానిమీద మంచు పేరుకుంటుంది. యంత్రం అప్పుడప్పుడు కాసేపు ఎండాకాలంలో లాగా తిరగబడి నడిచి ఆ మంచును కరిగించుకుంటుంది. కరిగిన నీళ్ళు పోవలసిన అడుగు రంధ్రాలను ఓక్ ఆకులు మూసివేయడంతో, జనవరిలో ఆ నీళ్ళు అక్కడే గడ్డకట్టి కాయిల్ కింది భాగాన్ని పట్టేశాయి. పంప్ వేడి చాలక, లోపలి ఆగ్జిలరీ హీట్ తీగలు రాత్రంతా వెలుగుతూనే ఉన్నాయి. పంప్ ఒక వంతు కరెంటు తీసుకుని రెండు మూడు వంతుల వేడిని తెచ్చి ఇవ్వగలదు. ఆ తీగలు మాత్రం ఎంత కరెంటు తింటే అంతే వేడినిస్తాయి. ఆ నెల బిల్లు చూసి గుండె జారింది.

నేను గొట్టం లాగుతుంటే తెనాలి నుంచి వచ్చిన మా అత్తయ్యగారు కుర్చీ వేసుకుని కూర్చుని, “అమ్మాయ్, ఇది ఏసీయే కదా, చలికాలంలో వేడి ఎక్కడినుంచి తెస్తుంది?” అని అడిగారు. “ఫ్రిజ్ లోపల చల్లగా ఉన్నా వెనకాల చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుంది కదా అత్తయ్యా, లోపలి వేడినే అది అటు తోస్తోంది. ఇది కూడా అంతే, కాకపోతే ఒక వాల్వ్ గ్యాస్ దారిని మార్చగానే బయటి గాలిలో ఉన్న వేడిని లోపలికి మోస్తుంది” అన్నాను. బయట గడ్డకట్టే చలిలో కూడా వేడి ఉంటుందా అని ఆవిడ చాలాసేపు ఆలోచించారు. అది నిజంగా ఆలోచించదగ్గ ప్రశ్నే.

ముందు లోపల బ్రేకర్, తర్వాత గోడమీది డిస్కనెక్ట్ స్విచ్ ఆపివేశాను. కాయిల్‌కు దగ్గరగా తల పెట్టి చూస్తే, ఒక పక్క సన్నటి అల్యూమినియం రేకుల మీద బూడిదరంగు దూది పొర కనిపించింది. వేలితో గీకితే పెచ్చుగా ఊడి వచ్చింది. బట్టల డ్రయ్యర్ గొట్టం నోరు అటే ఉండడంతో, ఎండాకాలమంతా ఆ నూగు గడ్డి పరకలతో కలిసి అక్కడే అతుక్కుంది. ప్రెషర్ వాషర్ పెడితే రేకులు వంగిపోతాయి కనుక మామూలు గొట్టంతోనే, ధార నెమ్మదిగా ఉంచి, కిందికి పారేది తేట నీరు అయ్యేదాకా కడిగాను. అడుగున ఉన్న పైన్ సూదులను చేత్తో ఏరి, రంధ్రాలను పుల్లతో పొడిచి, చుట్టూ రెండడుగుల మేర పొదలు కత్తిరించాను.

లోపల ఫిల్టర్ మార్చి, అట్టమీద ఈ రోజు తేదీ రాశాను. ఎండాకాలం నీళ్ళు పోయే పైపులో ఒక కప్పు వెనిగర్ పోసి, అరగంట తర్వాత నీళ్ళు పోస్తే, బయటి కొసన ఆకుపచ్చటి నాచు జారిపడింది. కాయిల్‌లో తిరిగే గ్యాస్ ఒత్తిడి మాత్రం సర్టిఫికెట్ ఉన్న మెకానిక్ చూడవలసిందే, గురువారం వస్తానన్నారు.

అన్నీ ఆరాక థర్మోస్టాట్‌ను హీట్‌కు మార్చి రెండు డిగ్రీలు పెంచాను. ఆగ్జిలరీ గుర్తు వెలగలేదు. కొద్ది నిమిషాలకు గాలి గోరువెచ్చగా వచ్చింది. అత్తయ్యగారు కిటికీ కింది జాలీ మీద పాదాలు పెట్టుకుని, “నా మోకాళ్ళకు ఈపాటి చాలమ్మా” అన్నారు.

ఓక్ చెట్ల మీద ఆకు ఇంకా సగం పచ్చగానే ఉంది. అది రాలడం నవంబర్ గడిస్తే గాని పూర్తి కాదు కనుక, అప్పటిదాకా ప్రతి శనివారం చీపురు పట్టుకుని ఒకసారి అటు వెళ్ళి రావాలి.