తొట్టి మీద షవర్, పక్కన కిటికీ గట్టు

ఇంగ్లండ్‌లోని స్లౌ, రెడింగ్ ప్రాంతాల్లో అద్దె ఇళ్లకు మరమ్మతులు చేసే పనిలో ఉన్న నాకు తరచుగా ఎదురయ్యే ఫిర్యాదుల్లో స్నానాలగది కిటికీ గట్టు ఉబ్బిపోవడం ఒకటి. ఇక్కడ 1930ల నాటి ఇళ్లు చాలా ఉన్నాయి. వాటిని కట్టిన రోజుల్లో స్నానమంటే తొట్టి నింపుకొని అందులో కూర్చోవడమే కాబట్టి, తొట్టి పక్క గోడకే కిటికీ పెట్టి, దాని గట్టుకు చెక్క వేసి రంగు పూసినా ఏ ఇబ్బందీ రాలేదు. తరువాత అదే తొట్టి మీద షవర్ తగిలించారు గానీ గట్టు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మన ఊళ్లలో స్నానాలగది నేలంతా తడిసినా నీరు తూము వైపు వాలిపోతుంది, వెంటిలేటరు తలకు పైన ఎక్కడో ఉంటుంది; ఇక్కడ మాత్రం తొట్టి తప్ప మిగతా గదంతా పొడిగా ఉండాలి.

ఇంటి యజమానుల తరఫు ఏజెంట్లు కొందరు ఈ నష్టాన్ని అద్దెకున్నవారి మీదికి నెట్టి, మీవాళ్లు నీళ్లు ఎక్కువ వాడతారని అనడం విన్నాను. తెల్లవారుజామున గిడ్డంగి పనికి వెళ్లేవారూ రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చేవారూ ఒకే ఇంట్లో వంతులవారీగా స్నానం చేస్తే గట్టుకు ఆరే వ్యవధి దొరకదన్నది నిజమే. అయితే షవర్ పక్కనున్న గట్టు తడవడం ఇంటి అమరికలోని లోపమే తప్ప వాడేవారి తప్పు కాదని నా అభిప్రాయం. అందుకే ఇంట్లో చేరిన రోజునే గట్టును ఫోటో తీసి, రంగు లేచినట్టు కనిపిస్తే ఏజెంటుకు ఈమెయిలు పంపమని మన కుర్రాళ్లకు చెబుతుంటాను. డిపాజిట్‌లో కోత పెట్టడానికి ఇలాంటివే సాకులవుతాయి.

ఇప్పుడు చాలా ఇళ్లలో ఆ గట్టు ఎం.డి.ఎఫ్. పలక, అంటే చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన పలక. రంగు వేసిన పైభాగం కొంతకాలం తట్టుకుంటుంది గానీ, కోసిన ముందు అంచు నుంచీ స్క్రూల తలల దగ్గరి నుంచీ నీరు లోపలికి దిగుతుంది. ఒకసారి ఉబ్బిన పలక ఆరినా మునుపటి మందానికి రాదు కాబట్టి, దాని మీద మళ్లీ రంగు పూయడం డబ్బు దండగ. అద్దెకున్నవారు చేయగలిగింది కిటికీకి అడ్డంగా ఒక ప్లాస్టిక్ తెర కట్టి దాని కింది అంచు తొట్టిలోకి పడేలా చూడటం, షాంపూ సీసాలు గట్టు మీద పెట్టకపోవడం. సీసాల అడుగున నిలిచిన నీరు రోజంతా అక్కడే ఉంటుంది.

యజమాని ఖర్చుకు ఒప్పుకుంటే పలకను పూర్తిగా తీసేయాలి. మెత్తబడిన ప్లాస్టరును గీకి, సిమెంటుతో తొట్టి వైపు వాలు ఇవ్వాలి. 15 సెంటీమీటర్ల వెడల్పుకు కనీసం 5 మిల్లీమీటర్ల వాలు లేకపోతే నీరు కిటికీ ఫ్రేము మొదట్లోనే నిలుస్తుంది. మూలల్లో పట్టీ అంటించి, వాటర్‌ప్రూఫ్ పూతను రెండుసార్లు వేసి, గోడ మీదికి కూడా కొంత ఎక్కించాలి, ఎందుకంటే నీటిని ఆపేది ఆ పూతే. టైల్స్ మధ్య పూసే గ్రౌట్ నీటిని పీలుస్తుంది. ఆ పైన టైల్స్ కంటే ఒకే రాతి పలకను నేను ఇష్టపడతాను, అతుకులు తక్కువ కనుక. వంటగది బల్లలు కోసే దుకాణాల్లో మిగిలిన ముక్కలు చవకగా దొరుకుతాయి. వాటిలో మన చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు కనబడితే, పనికి కాస్త సరిపోకపోయినా చేయి అటే పోతుంది.

రాయి గోడనూ ఫ్రేమునూ కలిసే చోట గ్రౌట్ కాకుండా, బూజును అడ్డుకునే శానిటరీ సిలికాన్ (ఆరాక రబ్బరులా సాగే అతుకు పదార్థం) వేయాలి. పాత సిలికాన్ మీద కొత్తది అంటుకోదు కాబట్టి దాన్ని ఆసాంతం గీకేయడానికే ఎక్కువ సమయం పడుతుంది. ఫ్రేముకు బయటివైపు కింద నీరు పోవడానికి ఉంచిన సన్నని రంధ్రాలను మాత్రం మూయకూడదు. అవి మూసుకుంటే ఫ్రేములో చేరిన నీరు లోపలికే వస్తుంది. సెకనుకు 15 లీటర్ల గాలిని లాగే ఫ్యాన్ ఉండాలని ఇక్కడి భవన నిబంధనల మార్గదర్శకం చెబుతుంది గానీ, ఆ ఫ్యాన్ ఆవిరికే పనికొస్తుంది, చిందే నీటికి కాదు.

సిలికాన్ గట్టిపడటానికి ఒక రోజు పడుతుంది. ఐదుగురున్న ఇంట్లో అంతసేపు షవర్ ఆపమనడం కష్టం కాబట్టి, ఆ ఒక్క రోజు తొట్టిలో కూర్చొని బకెట్‌తో, మగ్గుతో స్నానం చేయమని చెబుతాను. బకెట్టూ మగ్గూ కొనమని చెప్పాల్సిన అవసరం మన ఇళ్లలో ఇంతవరకు రాలేదు.