మూడో రోజు కనిపించిన పచ్చటి పోగులు

కాన్ఫోకల్ మైక్రోస్కోప్ తెర మీద ఆ పచ్చటి పోగులు కనిపించిన క్షణం నుంచి చాలాసేపు నేను మాట రాకుండా చూస్తూ ఉండిపోయాను.

రొయ్య పెంకుల నుంచి తీసిన కైటోసాన్ అనే పదార్థంతో తయారుచేసిన స్పాంజి లాంటి ముక్క మీద మేము వేసి, పచ్చగా మెరిసే రంగు పట్టించిన ఎముక కణాలు, మూడో రోజుకు గుండ్రంగా ముడుచుకుని ఉండకుండా, చేతులు చాచినట్టు సాగి ఒకదాన్నొకటి అందుకున్నాయి. ఎముకలో ఉండే ఖనిజమైన హైడ్రాక్సీఅపటైట్‌ను అతి సూక్ష్మమైన నానో రేణువులుగా కలిపిన ముక్క అది. ఆ రేణువులు కలపని ముక్క మీద మాత్రం అవి విడివిడిగా మిగిలాయి.

గత నెల ఇదే ప్రయత్నం చెడిపోయింది. రేణువులు ఉండలు కట్టి అడుగున సున్నంలా పేరుకున్నాయి. నానో రేణువు బలమంతా దాని విశాలమైన ఉపరితలంలోనే ఉంటుంది కనుక, ముద్దకట్టాక దానికీ మామూలు పొడికీ పెద్ద తేడా ఉండదు. ఈసారి అల్ట్రాసౌండ్‌తో ఎక్కువసేపు విడగొట్టి, వెంటనే గడ్డకట్టించి, ఆ మంచును శూన్యంలో ఆవిరి చేశాము.

మన ఎముక నిర్మాణమూ ఇలాంటిదే. కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగుల మధ్య, కొద్ది నానోమీటర్ల మందం మాత్రమే ఉండే ఖనిజపు పలకలు ఇమిడి ఉంటాయి. ఎప్పుడో పుస్తకంలో చదివిన ఆ మాటకు ఇవాళ ప్రాణం వచ్చినట్టు అనిపించింది.

గిన్నెలో బతికిన కణం శరీరంలో ఎముక అయిపోదని నాకు తెలుసు. లోపలికి రక్తనాళాలు చొచ్చుకుపోవాలి, ముక్క కరిగే వేగం కొత్త ఎముక పెరిగే వేగానికి సరిపోవాలి, విడివడిన రేణువులు కాలేయంలోనో ప్లీహంలోనో పేరుకోకూడదు.

ఏడో రోజు నమూనాలు ఇంకా ఇంక్యుబేటర్‌లో, 37 డిగ్రీల వేడిలో ఉన్నాయి. సోమవారం ఉదయం వాటిని బయటికి తీస్తాము.